గాంధీ బొమ్మ సందులో పాత పుస్తకాల కొట్టు: ఒక బైండరు మాట

ఈ కొట్టుకి బోర్డు లేదు. ఫోన్లో మ్యాపు పెట్టుకుని వెతికితే పక్కనున్న కళ్లద్దాల షాపు దగ్గర నిలబెడుతుంది. నెల్లూరులో గాంధీ బొమ్మ దగ్గర ఆటో దిగి, ట్రంకు రోడ్డు మీంచి లోపలికి పోయే సందులో నలభై అడుగులు నడవండి. తాడుకి బట్టల క్లిప్పులు పెట్టి వేలాడదీసిన ఇంటర్ గైడ్ల అట్టలు కనపడతాయి. అదే కొట్టు. ఆ అట్టల వెనక పుస్తకం ఉండదు. పేజీలు పోయిన గైడ్ల అట్టలు ఊడదీసి కొట్టు నడిపే పెద్దాయన అట్లా కడతాడు. ఏమేం దొరుకుతాయో తెలియడానికి అవి చాలు, బోర్డు దండగ అంటాడు.

నేను స్టోన్‌హౌస్‌పేటలో పుస్తకాలు బైండింగ్ చేస్తాను. ముప్పై ఎనిమిదేళ్లుగా ఇదే పని. ఈ కొట్టుకి కొనడానికీ పోతాను, కూలికీ పోతాను. కాబట్టి నా మాటలో కొంచెం మొగ్గు ఉంటే ఉండొచ్చు, చూసి చదువుకోండి.

కొట్టు వెడల్పు ఎనిమిది అడుగులు, లోతు ఇరవై. ఒకరు లోపలికి పోతే రెండోవాళ్లు బయట నిలబడాల్సిందే. కుడి గోడకి స్కూలు, ఇంటర్, డిగ్రీ పుస్తకాలు. ఎడమ గోడకి డీఎస్సీ, గ్రూప్స్, బ్యాంకు పరీక్షలవి. వెనక చీకట్లో నవలలు, వారపత్రికల కట్టలు. గల్లా పక్కన పంచాంగాలు, వ్రతకథలు, ఎక్కాల పుస్తకాలు, సినిమా పాటల పుస్తకాలు, నాలుగు మార్కాపురం పలకలు. పలకలు ఇంకా ఎవరు కొంటారన్నా అని అడిగితే, అక్షరాభ్యాసానికి అన్నాడు. పిల్లోడు దాని మీద ఒక్కరోజు రాస్తాడంట, మర్నాటి నుంచి ఫోనేనంట.

ధరలకి రాతకోతలు లేవు. ఈ ఏడు నడిచే సిలబస్ అయితే సగం ధర. సిలబస్ మారిపోతే ముప్పయ్యో నలభయ్యో. నవల పలచనైతే ముప్పై, మందమైతే అరవై. చదివి తిరిగిస్తే సగం వెనక్కిస్తాడు. బేరం ఆడొచ్చు గానీ పదకొండు లోపల ఆడకండి, అప్పటికి బోణీ అయ్యుండదు, ఆయన ముఖం కూడా తెరుచుకుని ఉండదు.

నేను అసలు చెప్పాలనుకున్నది ఆయన చిట్టా గురించి. గల్లా కింద పొడుగాటి పుస్తకం ఒకటి ఉంటుంది. అమ్మిన ప్రతిదీ అందులో ఎక్కాలి. పది రూపాయల ఎక్కాల పుస్తకమైనా సరే. తారీకు, పుస్తకం పేరు సగం, ధర. కొన్నవాళ్ల పేరు రాయడు, ఆనవాలు రాస్తాడు: కావలి టీచరమ్మ, గళ్ల చొక్కా, దర్గామిట్ట కవలలు. ఖాతాల వారీగా రాసే ఆవర్జా లేదు, లాభనష్టాల లెక్క లేదు, ఒట్టి చిట్టానే. కొట్టు పెట్టిన 1983 నుంచి ఏడాదికొకటి. ఏడాది తిరగ్గానే దాన్ని నా దగ్గరికి పంపుతాడు, నేను కుట్టి, హాఫ్ కాలికో, అంటే నడుముకి మాత్రం గుడ్డ, వేసి ఇస్తాను. పిచ్చి అలవాటనే అనుకునేవాణ్ణి, నిరుడు సంక్రాంతి ముందు ఒక జిరాక్సు కట్ట నా చేతికొచ్చేదాకా.

ఎంఏ ఇంగ్లీషు చదివే అమ్మాయి తెచ్చింది. నూటనలభై కాగితాలు, ఇంగ్లండులో ట్యూడర్ రాజుల కాలంలో పుస్తకాలు అమ్మినవాళ్ల మీద. స్పైరల్ వద్దు అంకుల్, కుట్టు బైండింగే కావాలి అంది. ఆ మాటకే నేను ఇరవై రూపాయలు తగ్గించాను. పేజీలు వరసలో ఉన్నాయో లేదో చూడకుండా నేను సూది పట్టను. చూస్తూ చూస్తూ చదవడం మొదలుపెట్టాను. నా ఇంగ్లీషు పదో తరగతి ఇంగ్లీషు. అర్థం కానిచోట పెన్సిలు గుర్తు పెట్టుకుని, ఆ అమ్మాయి వచ్చినప్పుడు అడిగాను. పాపం, ఓపిగ్గా గంటసేపు కూర్చుని చెప్పింది.

ట్యూడర్లంటే 1485 నుంచి 1603 దాకా ఏలినవాళ్లు. అందులో 1520లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ డోర్న్ అని ఒక పుస్తకాల వ్యాపారి. సముద్రం అవతల నుంచి వచ్చి కొట్టు పెట్టుకున్నవాడు. గొప్పవాడేమీ కాదు. కానీ ఆ ఏడు ఏ రోజు ఏం అమ్మాడో, ఎంతకి అమ్మాడో వరసగా రాసి పెట్టాడు. అంటే చిట్టా! రెండువేలకి దగ్గరగా పద్దులు. ఆ పుస్తకం అక్కడి కార్పస్ క్రిస్టీ కాలేజీలో ఇప్పటికీ ఉంది. 1885లో దాన్ని అచ్చు కూడా వేశారు. ఈయనలాగే ఆయనా పేర్లు సగం సగం రాశాడంట, అది ఏ పుస్తకమో తేల్చడానికి పండితులు కూర్చుని తలలు పట్టుకున్నారంట.

1520 అంటే మనకి కృష్ణదేవరాయలు రాయచూరు యుద్ధం గెలిచిన ఏడు. మన ఉదయగిరి కోట ఆయన చేతికొచ్చి ఆరేళ్లు. ఇక్కడ అప్పటికి అంతా తాటాకులూ గంటమూ. అక్కడ ఒకడు గల్లా ముందు కూర్చుని, అచ్చు పాట కాగితం ఒకటి, అర పెన్నీ, అని రాసుకుంటున్నాడు.

ఈ అర పెన్నీ దగ్గరే నాకు మన కొట్టు కళ్ల ముందుకొచ్చింది. అప్పట్లో అక్కడ కూలివాడి రోజుకూలి నాలుగు పెన్నీల చిల్లర. ఒకవైపు మాత్రమే అచ్చేసిన పాట కాగితం అర పెన్నీ. అంటే కూలి చేసుకునేవాడు కూడా కొనగలడు. ఎక్కువ తీసుకుంటే తగ్గించి ఇచ్చేవాడు డోర్న్. పంచాంగం లాంటి అల్మనాకులు ఒక పెన్నీ. క్రిస్మస్ పాటలు, పిల్లల అక్షరాల పుస్తకాలు, లాటిన్ వ్యాకరణాలు. వాటి మధ్యలో ఎరాస్మస్ అనే మహాపండితుడి పుస్తకాలు బోలెడు. పండితుడి పుస్తకం ఒక పద్దు, దాని కింద పాట కాగితం ఒక పద్దు, అన్నీ ఒకే చేతిరాతలో. మన పెద్దాయన చిట్టా తెరిచి చూడండి: ఫిజిక్సు రెండో సంవత్సరం, సత్యనారాయణ వ్రతం, పాత నవలలు మూడు, డీఎస్సీ సైకాలజీ, మళ్లీ వ్రతం. కొట్టు మంచిదో కాదో గోడల మీద పేర్చిన సరుకు చూసి చెప్పలేం, ఏం కదులుతోందో చూసి చెప్పాలి. నేను చిట్టాలు కుట్టేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. ఈ కొట్టులో అన్నీ కదులుతాయి.

దాని వల్ల మీకు లాభం ఏంటంటే, మీక్కావలసింది లేకపోతే లేదని పంపించడు. చిట్టా వెనక్కి తిప్పుతాడు. పోయిన జూన్‌లో ఒక బీకాం అబ్బాయి అకౌంటెన్సీ పుస్తకం కోసం వచ్చాడు. పెద్దాయన రెండేళ్ల కిందటి చిట్టా తీయించి, పొదలకూరు అబ్బాయి, అకౌంట్సు, నూటపది అని చూపించి, వాడి ఫైనలియర్ అయిపోయుంటుంది, నాలుగు రోజులాగి రా అన్నాడు. పొదలకూరు అబ్బాయి ఏ నంబరుకి దొరుకుతాడో కూడా ఆ పద్దు పక్కనే ఉంది. నాలుగోరోజుకి పుస్తకం వచ్చింది. నేను అక్కడే ఉన్నాను, కళ్లారా చూశాను.

ఇక నా పనికి సంబంధించిన సంగతి, ఇది కొంచెం సాగదీస్తాను, ఏమనుకోవద్దు. ఆ కాలంలో పుస్తకాలు ఎక్కువగా అట్ట లేకుండానే వచ్చేవంట. అచ్చయిన కాగితాలు, ఉత్త కాగితాలు. పైదేశాల నుంచి వచ్చేవి పీపాల్లో నింపి ఓడల్లో తెచ్చేవాళ్లు, చేపలూ సారాయీ తెచ్చినట్టు. కొన్నవాడు తన తాహతుని బట్టి తోలు అట్టో, చౌక అట్టో వేయించుకునేవాడు. 1541లో, చర్చిల్లో పెట్టడానికి వేసిన పెద్ద ఇంగ్లీషు బైబిలుకి ప్రభుత్వమే ధర కట్టింది: కుట్టకుండా పది షిల్లింగులు, బైండు చేస్తే పన్నెండు. షిల్లింగుకి పన్నెండు పెన్నీలు. లెక్క వేసుకోండి, కాగితాలకే కూలివాడి నెల రోజుల కష్టం. కానీ నా కన్ను పడింది ఆ రెండు షిల్లింగుల మీద. మొత్తం ధరలో ఆరోవంతు బైండింగ్! ఇవాళ ఆరువందల పుస్తకానికి వంద అడిగితే నన్ను ఎగాదిగా చూస్తారు, ఎదురుగా జిరాక్సు షాపులో స్పైరల్ నలభై కదా అంటారు.

ఇంకో సంగతి విన్నాక ఆ అమ్మాయికి కాఫీ తెప్పించాను. 1534లో అక్కడ ఒక చట్టం చేశారు, పైదేశాల్లో బైండు చేసిన పుస్తకాలు తెచ్చి అమ్మకూడదని. ఎందుకంటే తమ దేశంలో బైండర్లకి పని పోతోందని. బైండర్ల కోసం చట్టం! ఈ ముప్పై ఎనిమిదేళ్లలో మాకోసం ఎవరైనా ఒక అర్జీ రాసినట్టు కూడా నాకు గుర్తులేదు. పెద్దాయనకి చెప్తే నవ్వి, స్పైరల్ మీద నువ్వూ కేసు వెయ్యి సామీ అన్నాడు. అయితే ఆ చట్టంలోనే ఇంకో ముక్క ఉంది, పైనుంచి వచ్చినవాళ్లు పుస్తకాలు చిల్లరగా అమ్మకూడదని. డోర్న్ లాంటివాళ్ల పొట్ట కొట్టే ముక్క. ఒకే కాగితం మీద నాకు తీపి, ఆయనకి చేదు.

కాగితాలు విడిగా వస్తాయి కాబట్టి ఏదీ తప్పిపోకుండా ప్రతి మడత కింద ఏ, బీ, సీ అని అక్షరం వేసేవాళ్లు. మన దగ్గర ఫారానికి, అంటే మడిచిన ఒక్కో పేజీల కట్టకి, నంబరు వేసినట్టే. బైండరు ఆ గుర్తులు చూసి వరస పెట్టుకోవాలి. ఇక్కడే ఈ కొట్టు మీద నాకున్న ఫిర్యాదు చెప్పాలి. ఆయన కొనేటప్పుడు ఫారాలు చూడడు. మా కోడలికని నేనొక లావుపాటి నవల అరవై రూపాయలకి కొన్నాను. ఇంటికి తీసుకుపోతే మధ్యలో ఒక ఫారం మొత్తం లేదు, పదహారు పేజీలు. హీరోయిన్ చీరాలలో రైలెక్కింది, తర్వాతి పేజీలో ఆస్పత్రిలో ఉంది. ఏమైందో మా కోడలికి ఇప్పటికీ తెలియదు. నేను బైండర్నై ఉండి చూసుకోకపోవడం నాకే సిగ్గు. తిరిగి తీసుకుపోతే పెద్దాయన చిట్టా తీసి పద్దు చూసి, నలభై ఇచ్చాడు. మిగతా ఇరవై ఏవన్నా అంటే, మిగతా పేజీలు చదివేశారుగా అన్నాడు. నాకు కోపం వచ్చింది. మళ్లీ శనివారం పోయాను. మీరు మాత్రం నవల కొనేముందు బొటనవేలితో అంచు ఒకసారి తిప్పి చూసుకోండి. నడుం దగ్గర దారం వదులుగా ఉంటే తీసుకోవద్దు.

రెండో ఫిర్యాదు పెద్దది. కోచింగ్ సెంటర్ల మెటీరియల్ జిరాక్సు తీసి కట్టలు కట్టి అమ్ముతాడు. అవి ఎవరో కష్టపడి రాసినవి. అడిగితే, నేను తీయలా, ఎవరో తెచ్చి ఇచ్చారు అంటాడు. లండన్‌లో అచ్చువాళ్లూ, అమ్మేవాళ్లూ, బైండర్లూ కలిసి ఉన్న స్టేషనర్స్ కంపెనీకి 1557లో రాజముద్ర పడింది. ఆ తర్వాత ఫలానా పుస్తకం వేసే హక్కు నాదీ అని కంపెనీ రిజిస్టరులో రాయించుకునేవాళ్లు. అది తోటి సభ్యుడు దొంగచాటుగా వేస్తే జరిమానా. ఈ సంగతి కూడా చెప్పాను. ఈసారి నవ్వలేదు, పలకలు తుడవడం మొదలుపెట్టాడు. ఆ కట్టలు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి. నేను వాటిని బైండు చెయ్యనని చెప్పేశాను.

లండన్‌లో పుస్తకాల అంగళ్లన్నీ సెయింట్ పాల్స్ అనే పెద్ద చర్చి ఆవరణలో ఉండేవంట. ఇళ్లకి నంబర్లు లేని కాలం, అందుకని ఒక్కో కొట్టుకి ఒక బొమ్మ గుర్తు వేలాడేది. కొత్త పుస్తకం వస్తే మొదటి పేజీని విడిగా స్తంభాలకి అతికించేవాళ్లు. తాడు మీది గైడ్ల అట్టలు గుర్తొచ్చాయా? నాకూ అవే గుర్తొచ్చాయి. పెద్దాయన ఈ చర్చి సంగతి విని, మన రంగనాయకుల గుడి ముందర కొబ్బరికాయల అంగళ్ల లాగన్నమాట అన్నాడు. దానికన్నా బాగా నేను చెప్పలేను.

ఆ ఆవరణలోనే పుస్తకాలు తగలబెట్టారు కూడా. డోర్న్ 1520లో, రోమ్ చర్చిని ఎదిరించిన లూథర్ రాసినవి కూడా ఓ డజను దాకా అమ్మాడు, అప్పటికి అది మామూలు సరుకు. 1521 మే 12న సెయింట్ పాల్స్ దగ్గర ఆ లూథర్ పుస్తకాలకే నిప్పు పెట్టారు. ఏడాది తేడాలో అదే చిట్టా డోర్న్ మీద సాక్ష్యంగా నిలబడేది. 1526లో టిండేల్ అనే ఆయన ఇంగ్లీషులోకి తెచ్చిన బైబిలు కొత్త నిబంధన పైదేశంలో అచ్చయి, సరుకు మధ్యలో దాచుకుని వచ్చింది. దాన్నీ కాల్చారు. అయినా అమ్మినవాళ్లు అమ్మారు. నా దగ్గర తగలబెట్టేంత పుస్తకం ఏముంది, అంతా తూకానికి వేసేదే, అని పెద్దాయన. ఆ మాట అబద్ధం కూడా కాదు. సిలబస్ మారినప్పుడల్లా ఆయన బస్తాలు బస్తాలు కాటాకి వేస్తాడు. అందులోంచి గట్టి కాగితం నేను ఏరుకుంటాను, పుస్తకం నడుముకి లోపల అతికించడానికి. మైదా లయిలో మైలుతుత్తం కలిపి అంటిస్తే పురుగు రాదు. ట్యూడర్ల కాలం బైండర్లూ ఇంతేనంట. మఠాలు మూసేశాక అక్కడి చేతిరాత గ్రంథాలు చింపి కొత్త పుస్తకాల అట్టల్లో కుక్కారు. ఇప్పుడు ఆ అట్టలు విప్పి లోపలి ముక్కలు చదువుతున్నారంట. నేను కుట్టిన అట్టలు ఎవరైనా విప్పితే పాత లెక్కల గైడు దొరుకుతుంది, పాపం.

కుర్రాడి గురించి ఒక మాట. కొట్టులో ఒకబ్బాయి ఉంటాడు, ఇంటర్ మధ్యలో ఆపేసినవాడు. చీకట్లో చెయ్యి పెట్టి అడిగిన పుస్తకం తీస్తాడు. లండన్‌లో ఈ పని నేర్చుకోవాలంటే ఏడేళ్లకి తక్కువ కాకుండా యజమాని ఇంట్లో ఉండాలంట. వీడికి మూడేళ్లయింది. జీతం ఎంతో అడగలేదు, అడిగితే నాకు బాధ. కానీ మాట మెత్తన. పెద్దాయన విసుక్కున్న గిరాకీని వీడు వెనక్కి పిలుచుకొస్తాడు.

రొట్టెల పండగప్పుడు కొట్టు మూసి ఉంటుంది, తిట్టుకోవద్దు. ఆ రోజులన్నీ పెద్దాయన స్వర్ణాల చెరువు వైపు బారాషహీద్ దర్గాకి పోయే దారిలో ప్లాస్టిక్ పట్టా పరుచుకుని కూర్చుంటాడు. చదువు రొట్టె పట్టుకోవడానికి వచ్చినవాళ్లు పిల్లలకి ఒక పుస్తకం కూడా కొనుక్కుపోతారని ఆయన లెక్క. లెక్క తప్పదు, ఆ రోజుల పద్దులు చిట్టాలో పేజీలకి పేజీలు ఉంటాయి. డోర్న్ కూడా ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ ఫ్రైడ్‌స్వైడ్ పేరున జరిగే తిరునాళ్లలో అమ్మకాలు అట్లాగే రాశాడు. ఆ పేజీ జిరాక్సు నేనొకటి తీయించుకుని పెద్దాయనకి ఇచ్చాను. ఒక్క ముక్క చదవలేకపోయాడు గానీ, వరసగా దిగిన అంకెలు చూసి, వీడికి కూడా ఆ వారం గిరాకీ బాగుంది అన్నాడు. ఇప్పుడది గల్లా అద్దం కింద ఉంది. పోతే చూడండి.

ఫోన్‌పే ఉంది, కానీ వంద దాటితేనే. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాకా. దుమ్ము విపరీతం, ఆయాసం ఉన్నవాళ్లు బయట నిలబడి కుర్రాడికి పేరు చెప్పండి. గుడ్డ సంచి తీసుకుపోండి, కవరు ఇవ్వడు. పాత పుస్తకాలు అమ్మదలిస్తే మే నెలాఖరులో పోండి, ధర బాగా కడతాడు. మార్చిలో పోతే పరీక్షలైపోయిన పిల్లలంతా తెస్తారు కాబట్టి అడ్డికి పావుశేరు. అయిదుకి నాలుగు వేస్తున్నాను. ఆ ఒక్కటీ తగ్గించింది జిరాక్సు కట్టలకి. నవలలో ఫారం పోయినందుకు కాదు, అది నా తప్పు కూడా.

పోయిన ఏడు చిట్టా కుట్టి ఫిబ్రవరిలో ఇచ్చాను. కూలి నూటఇరవై ఇంకా రాలేదు. అడిగితే కొత్త చిట్టా తెరిచి చూపించాడు: ఫిబ్రవరి తొమ్మిది, బైండింగ్ సామీ, బాకీ, నూరు. ఇరవై ఏదన్నా అంటే, నీ నవల తాలూకు ఇరవై అని రాయడం మర్చిపోయా, ఉండు, అని పెన్ను తీశాడు.